ఓడ మల్లయ్య లేని ఏరు

కిందటి వేసవిలో ఒక ఆదివారం పొద్దున్న ఉత్తర జర్మనీలో ఒక సరస్సు ఒడ్డున నిలబడి, ఒక మధ్యవయసు జంట తమ ట్రైలర్‌ని నీళ్ళలోకి దింపడం చూశాను. కారు వెనక్కి వస్తోంది. దాని వెనక తగిలించిన తెల్లటి బండి, కోడిగుడ్డుని నిలువునా కోసి బోర్లించినట్టుంది, ర్యాంపు మీంచి మెల్లగా నీళ్ళ వైపు జారుతోంది. చక్రాలు మునిగాయి. మన ఊళ్ళో అయితే ఈపాటికి ఎవరో ఒకరు గట్టిగా కేక పెట్టేవాళ్ళు. ఇక్కడ ఎవరూ పెట్టలేదు. ఇంకో రెండు గజాలు వెనక్కి వచ్చేసరికి బండి ఒక్కసారి ఊగి నేలని వదిలేసింది. ఆవిడ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కొక్కెం విప్పింది. ఆయన కారు పైకి తీసుకెళ్ళి పార్క్ చేసి వచ్చాడు. ఇద్దరూ ఎక్కారు. వెనక చిన్న ఎలక్ట్రిక్ మోటారు, చప్పుడు కూడా పెద్దగా లేదు. పరుపు, స్టవ్వు, సింకు, కిటికీ కర్టెన్లతో సహా ఒక బుల్లి ఇల్లు సరస్సు మధ్యకి వెళ్ళిపోయింది.

"ఇది కావాలిరా నాకు," అన్నాడు పక్కనున్న ఫ్రెండు. ఇద్దరం హాంబుర్గ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళం. వాడిది గుంటూరు, నాది గోదావరి. "ఎవణ్ణీ అడగక్కర్లేదు. హోటల్ వాణ్ణి అడగక్కర్లేదు, బోటు వాణ్ణి అడగక్కర్లేదు. నీ ఇల్లు నీ వెనకాలే ఉంటుంది. నేల అయిపోయిందా, నీళ్ళు. నీళ్ళు అయిపోయాయా, మళ్ళీ నేల."

నేను తీసిన వీడియో అమ్మకి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్.

"ఏంట్రా అది? ఎంతమంది పడతారు?"

"పడుకోడానికైతే ఇద్దరు."

"ఇద్దరేనా?" అంది.

ఎవణ్ణీ అడగక్కర్లేదు అనే మాట, ఇద్దరేనా అనే మాట. అప్పట్నుంచీ ఈ రెండింటి మధ్యా తిరుగుతున్నాను. ఇంకొకరిని అడగాల్సిన అవసరం లేకపోవడమే స్వేచ్ఛా? అలా కోరుకోవడంలో తప్పేమైనా ఉందా? తప్పు లేకపోతే, ఆ ఒడ్డున నిలబడ్డప్పుడు నాకెందుకు కాస్త ఇబ్బందిగా అనిపించింది?

*

ముందు ఆ వస్తువు గురించి చెప్పుకోవాలి. ఈ ఊహ కొత్తదేం కాదు. 1970ల్లో బ్రిటన్‌లో కారాబోట్ అని ఒకటి తయారయ్యేది. ఫైబర్ గ్లాసుతో చేసిన కారవాన్, కింద చూస్తే పడవ అడుగు. ఇప్పుడు ఈ రకంలో బాగా పేరున్నది సీలాండర్, జర్మనీలోని కీల్ నగరం నుంచి వచ్చింది. పొడవు నాలుగు మీటర్లకి కాస్త అటూ ఇటూ. పైకప్పు వెనక్కి మడిచి ఆకాశం చూస్తూ పడుకోవచ్చు. మామూలు కారు లాగగలిగేంత బరువే. ఇంకో సౌకర్యం, జర్మనీలో 2012 నుంచి 15 హార్స్‌పవర్ లోపు మోటారు ఉన్న పడవకి చాలా జలమార్గాల్లో లైసెన్సు అక్కర్లేదు. అంటే పడవ నడపడం తెలుసని ఎవరి ముందూ నిరూపించుకోనక్కర్లేదన్నమాట.

దీనికి పెద్దన్న లాంటివాడు ఆంఫీకార్. 1960ల్లో జర్మనీలోనే తయారైన, నీళ్ళలో నడిచే కారు. దాని పేరు చివర 770 అని ఉండేది. నీళ్ళలో 7 నాట్లు, రోడ్డు మీద గంటకి 70 మైళ్ళు అని లెక్క. నీళ్ళలో చుక్కాని విడిగా లేదు, ముందు చక్రాలే చుక్కాని. కొన్ని గంటలు నీళ్ళలో తిరిగితే చాలు, మళ్ళీ కీళ్ళన్నిటికీ గ్రీజు పెట్టాలి. మొత్తం కలిపి నాలుగు వేలు కూడా తయారుకాలేదు. అందులో ఒకటి అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దగ్గర ఉండేది. టెక్సాస్‌లోని తన రాంచికి వచ్చిన అతిథుల్ని అందులో ఎక్కించుకుని, చెరువు వైపు వాలులో దిగుతూ బ్రేకులు పడటం లేదని అరిచేవాడట. వాళ్ళు హడలిపోతే నవ్వుకునేవాడు. ఆ కథ చదివినప్పుడు నవ్వొచ్చింది కానీ, తర్వాత ఒకటి తోచింది. ఆ హాస్యం మొత్తం ఒక్క విషయం మీద నిలబడింది. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి బండి ఆగాలి అని అతిథులకి తెలుసు, ఆగక్కర్లేదని ఆయనకి మాత్రమే తెలుసు.

ఒడ్డు అంటే ఆగే చోటు. మనుషులు నదుల పక్కన ఊళ్ళు కట్టుకున్నప్పట్నుంచీ అంతే. బండి ఇక్కడిదాకా, పడవ ఇక్కణ్ణుంచి. మధ్యలో రేవు. రేవులో దిగాలి, మూట దింపుకోవాలి, అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి పిలవాలి, అతనొచ్చేదాకా కూచోవాలి. ఈ ట్రైలర్ చేసే పని ఆ రేవుని ప్రయాణంలోంచి తీసెయ్యడం.

*

మా వైపు వశిష్ఠ గోదావరి మీద సఖినేటిపల్లి రేవు ఉంది. అవతల నరసాపురం. అంతర్వేది తీర్థానికి వెళ్ళినవాళ్ళకి బాగా తెలుసు. అక్కడ మనుషులూ, బైకులూ, కార్లూ అన్నీ పంటు ఎక్కి దాటుతాయి. ఈ జర్మన్ ట్రైలర్‌కి పంటు సరిగ్గా తిరగేసిన బొమ్మ. ఇక్కడ బండే పడవ అవుతుంది. అక్కడ బండి పడవని ఎక్కుతుంది. మా పంటు మీద కారువాడు కారు దిగి, పక్కన కొబ్బరి బొండాల సైకిలు పట్టుకున్నవాడితో ఒకే గాలి పీలుస్తూ పది నిమిషాలు నిలబడాలి. కారు ఎంత ఖరీదైనదైనా సరే, ఆ పది నిమిషాలూ అది సామానే.

సరస్సు ఒడ్డున నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. నా ఇబ్బందికి కారణం దొరికింది అనుకున్నాను. ఈ బండి మనిషికి మనిషి అవసరాన్ని తీసేస్తోంది, అదీ దీని దోషం అనుకున్నాను. రాముడంతటివాడు కూడా గంగ దాటడానికి గుహుడి పడవ ఎక్కాల్సొచ్చింది కదా. రాజ్యం పోయిన రాజుకి ఒక బెస్తరాజు అవసరం పడింది, ఆ అవసరంలోంచే స్నేహం పుట్టింది. ఎవరితోనూ అవసరం లేనివాడికి స్నేహం ఎక్కణ్ణుంచి పుడుతుంది? నా వాదనని తెలుగు భాష కూడా బలపరిచేలాగే కనిపించింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అనే సామెత మనది. పని అయ్యాక మల్లయ్యని మర్చిపోయేవాణ్ణి తిట్టడానికి పుట్టిన మాట. ఈ ట్రైలర్ ఒక అడుగు ముందుకేసింది. దాటాక మర్చిపోవడం కాదు, అసలు ఓడ మల్లయ్యనే లేకుండా చేసింది.

ఇంకో కారణం కూడా దొరికింది. రేవులో పడవవాడు ఉంటే, అతను పడవ నడపడమే కాదు, కొన్నిసార్లు నడపనంటాడు. "ఇవాళ గాలి బాలేదు, రేపు చూద్దాం" అంటాడు. ఎవణ్ణీ అడగక్కర్లేని ప్రయాణంలో వద్దు అనే మనిషి కూడా ఉండడు. ఇలా రోడ్డు మీదా నీటిమీదా తిరిగే బళ్ళలో బాగా ప్రసిద్ధమైనవి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన డక్ లారీలు. 1944లో నార్మండీ తీరంలో ఓడల నుంచి ఒడ్డుకి సరుకు మోసినవి. యుద్ధం అయ్యాక వాటిని, వాటి నమూనాలో సాగదీసిన వాటిని టూరిస్టు బళ్ళుగా మార్చారు. రోడ్డు మీద ఎండా వానా తగలకుండా పైన కప్పు వేశారు. 1999లో ఆర్కాన్సా రాష్ట్రంలో అలాంటిది ఒకటి సరస్సులో మునిగి 13 మంది చనిపోయారు. నీళ్ళలో మునిగినప్పుడు మనుషులు పైకి తేలకుండా ఆ కప్పే అడ్డుపడింది. అదనంగా తేలే ఏర్పాటు లేనిచోట ఆ కప్పులు తీసెయ్యమని అక్కడి రవాణా భద్రతా బోర్డు సిఫార్సు చేసింది. అయినా చాలా బళ్ళ మీద కప్పులు అలాగే ఉండిపోయాయి. 2018 జులై 19న మిస్సోరి రాష్ట్రంలో బ్రాన్సన్ దగ్గర ఇంకో బండి తుఫాను గాలిలో మునిగింది. ఎక్కినవాళ్ళు 31 మంది, చనిపోయినవాళ్ళు 17 మంది. తుఫాను హెచ్చరిక అప్పటికే వచ్చింది. తుఫాను వచ్చేలోపు అయిపోతుందని, మామూలుగా రోడ్డు తర్వాత చేసే నీటి ప్రయాణాన్ని ఆరోజు ముందుకి జరిపారు.

సరస్సులో మెల్లగా తిరిగే ఇద్దరి ట్రైలర్‌ని ఆ లారీతో పోల్చడం న్యాయం కాదని నాకు తెలుసు. నేను చూసిందల్లా ఒక్కటే. నేల మీద సుఖం కోసం వేసుకున్న కప్పు నీళ్ళలో ఉచ్చు అయింది. రెండు లోకాల్లో తిరిగే వస్తువు ఏ లోకం నియమాలు పాటించాలి అన్నది ఒడ్డున ఆగి ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న. ఒడ్డే లేకపోతే ఆ ప్రశ్న అడిగే చోటు కూడా లేదు.

వాదన బాగానే కుదిరింది అనుకున్నాను. వచ్చే ఆదివారం ఫోన్‌లో అమ్మకి ఇదంతా చెప్పాను, పంటుతో సహా, గుహుడితో సహా.

*

అమ్మ అంతా విని, "నీకేం, ఎన్నైనా చెప్తావు. నువ్వు ఆ రేవులో ఎప్పుడైనా బతిమాలావా?" అంది.

అమ్మది ఒక లంక. పేరు ఇక్కడ అనవసరం. చుట్టూ గోదావరి. పదో తరగతి దాకా హైస్కూలు అవతలి ఒడ్డున. పడవవాడు ఒకడే. మంచివాడే, అందరి మంచీ చెడ్డా చూసేవాడే. అదే ఇబ్బంది అంటుంది అమ్మ. మావయ్యలు రేవులో నిలబడితే పడవ కదిలేది. అమ్మ నిలబడితే ముందు ప్రశ్నలు. "ఎక్కడికమ్మా ఒక్కదానివే? మీ నాన్నకి తెలుసా? బడి లేదు కదా ఇవాళ?" అవతలి ఒడ్డున లైబ్రరీకి వెళ్ళినా, స్నేహితురాలి ఇంటికి వెళ్ళినా, సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోయేది. ఎవరూ చెప్పమనలేదు. పడవ అలా ఉంటుంది అంతే. చీకటి పడితే పడవ లేదు. కాలేజీ ఉన్న ఊరు ఇంకా దూరం, తిరిగొచ్చేసరికి చీకటి. "వంతెన ఉంటే నేను డిగ్రీ చదివేదాన్ని," అంది. ఈ మాట అమ్మ నోట ఇదివరకు కూడా విన్నాను. చిన్నప్పుడు అది గోదావరి మీద ఫిర్యాదు అనుకునేవాణ్ణి.

"నా సంగతి నయం," అంది మళ్ళీ. "నాతో పాటు పేట నుంచి ఒక పిల్ల చదివేది. మేం అందరం ఎక్కాక, చోటుంటేనే వాళ్ళు. మా కాళ్ళ దగ్గర, పడవ అడుగున. ఎక్కువమంది ఉన్న రోజు దానికి బడే లేదు. మాకైతే బడికి ఆలస్యం అవుతుందని గోల. దానికి అసలు వెళ్తామా లేదా అని. నువ్వు గుహుడు, స్నేహం అంటున్నావు. దాన్ని అడుగు, ఏం చెప్తుందో."

నేను మాట్లాడలేదు.

రేవు గురించి నేను చెప్పిన అందమంతా, ఎవరి కోసం పడవ కదిలిందో వాళ్ళ వైపు నుంచి చెప్పింది. పంటు మీద కారు దిగి నిలబడ్డవాడికి ఆ పది నిమిషాలు సమానత్వం లాగా కనిపిస్తాయి, ఎందుకంటే అతను కిందికి దిగాడు. ఎప్పుడూ పడవ అడుగున కూచున్నదానికి దిగడానికి ఇంకేం లేదు. గాలి బాలేదు వద్దు అన్న నోరే, ఒక్కదానివే ఎక్కడికి అని కూడా అడిగింది. రెండూ ఒకే అధికారంలోంచి వచ్చాయి. వద్దు అనే మనిషి ఒడ్డున ఉండాలి అని నేను అన్నప్పుడు, అతను ఎవరికి వద్దంటాడు అని నేను అడుగుకోలేదు. గుహుడి కథ కూడా అవతలి ఒడ్డుకి చేరినవాళ్ళతోనే ముందుకి నడుస్తుంది. పడవ వెనక్కి తిప్పుకుని వెళ్ళిన మనిషి ఆ పగలంతా ఏం చేశాడో మనకి పట్టదు.

కాబట్టి ఎవణ్ణీ అడగక్కర్లేదు అన్న మా ఫ్రెండు కోరికని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. అది స్వార్థపరుడి కోరికే కానక్కర్లేదు. జీవితమంతా ప్రతి రేవులోనూ అడుక్కోవాల్సొచ్చిన మనుషుల కోరిక కూడా అదే. అద్దె ఇంటి కోసం కులం చెప్పాల్సొచ్చినవాడు, హాస్టల్ గేటు దగ్గర రాత్రి తొమ్మిదికి సంజాయిషీ ఇచ్చుకున్నది, ఇల్లు తన వెనకాలే వచ్చే బండిని చూసి ఊపిరి పీల్చుకుంటే దాన్ని విలాసం అనలేం. అమ్మ ఆ వీడియోని ఆరోజు నాలుగుసార్లు చూసిందట. నాన్న చెప్పాడు.

*

అయితే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఒకటి మిగిలింది. ఎంతమంది పడతారు?

లంకలో పెరిగినవాళ్ళకి పడవని చూడగానే వచ్చే ప్రశ్న అది. రంగు కాదు, ఖరీదు కాదు, మోటారు కాదు. 1986 ఆగస్టు వరదల్లో లంకల్లో ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్న బాగా తెలుసు. అడగాల్సిన బాధ తప్పించుకోడానికి రెండు దారులున్నాయి. ఒకటి నాకో పడవ. రెండోది అందరికీ వంతెన. రెండింట్లోనూ ఓడ మల్లయ్యని బతిమాలక్కర్లేదు. ఇద్దరు పడేదానికీ, ఎందరైనా పట్టేదానికీ ఉన్న తేడా మాత్రం ఉంది. వంతెన మిమ్మల్ని ఎవరి కూతురువి అని అడగదు. ఒక్కదానివేనా అని అడగదు. పేట నుంచి వచ్చినవాళ్ళు ఆఖర్న ఎక్కాలని అనదు. రాత్రి పదింటికి కూడా అది అక్కడే ఉంటుంది.

మరి మనం ఏ దారి పట్టాం? ఈ ప్రశ్న నన్ను సరస్సు దగ్గర్నుంచి మా హైదరాబాద్ ఫ్లాటు దాకా లాక్కొచ్చింది. కరెంటు పోతుందని ఇన్వర్టర్ పెట్టించుకున్నాం. కుళాయి నీళ్ళు తాగలేమని ఆర్వో బిగించుకున్నాం. మునిసిపల్ నీళ్ళు చాలవని బోరు, బోరు ఎండితే ట్యాంకరు. సర్కారు బడి బాలేదని ఇంకో బడి, సర్కారు ఆసుపత్రి బాలేదని ఇన్సూరెన్స్ కార్డు. గేటెడ్ కమ్యూనిటీకి సొంత జనరేటరు, సొంత రోడ్డు, సొంత సెక్యూరిటీ. ఒక్కోటీ ఒక్కో చిన్న ట్రైలర్. చుట్టూ నీళ్ళొచ్చినా తేలుతుంది, ఇద్దరికో నలుగురికో సరిపోతుంది. ఏ ఒక్కటీ తప్పు కాదు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఇన్వర్టర్ పెట్టుకోవద్దని ఎవరంటారు? నేనూ అనను.

నష్టం ఎక్కడంటే, ఇన్వర్టర్ పెట్టుకున్న రోజు నుంచి కరెంటు ఆఫీసుకి ఫోన్ చెయ్యడం మానేశాం. ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన పుస్తకంలో నైజీరియా రైళ్ళ గురించి ఒక పరిశీలన ఉంది. రైళ్ళకి పోటీగా లారీలు వచ్చాయి కదా, ఆ పోటీతో రైళ్ళు బాగుపడాలి. బాగుపడలేదు. ఎందుకంటే రైళ్ళు బాలేవని గట్టిగా అరిచి గోల చెయ్యగలిగినవాళ్ళే ముందు లారీలకి వెళ్ళిపోయారు. గోల చేసేవాళ్ళు పోయాక రైళ్ళని ఎవరు పట్టించుకుంటారు? లంకకి వంతెన కావాలని గట్టిగా ఎవరు అడుగుతారు? సొంత పడవ లేనివాళ్ళు. వాళ్ళ మాటకి బలం ఎప్పుడొస్తుంది? సొంత పడవ కొనుక్కోగలిగినవాళ్ళు కూడా కొనుక్కోకుండా వాళ్ళ పక్కన రేవులో నిలబడ్డప్పుడు. అది జరగడం కష్టం. ఎందుకంటే కొనుక్కోగలిగినవాడికి ఈ రాత్రే అవతలికి వెళ్ళాలి. వంతెన పదేళ్ళ పని.

*

ఇక్కడిదాకా వచ్చాక ఆ జర్మన్ జంట మీద నాకున్న అనుమానం పోయింది. ఎందుకు పోయిందో చెప్పాలి.

వాళ్ళు ఎవణ్ణీ అడగకుండా వెళ్ళారని మా ఫ్రెండు అన్నాడు. నిజంగా చూస్తే వాళ్ళు చాలామందిని అడిగే వెళ్ళారు, కాకపోతే ముందే. నీళ్ళలోకి దిగే ఆ ర్యాంపు ఊరివాళ్ళది. ఎవరో సిమెంటు పోశారు, ఎవరో ఏటా పాచి గీకుతారు. రోడ్డెక్కాలంటే ట్రైలర్‌కి నంబరు ప్లేటు ఉండాలి, గడువుకి తనిఖీ చేయించాలి. ఇలాంటి చిన్న పడవలకి యూరప్ నిబంధనల్లో సాధారణంగా పడేది ఆఖరిదైన డి తరగతి. ముప్పై సెంటీమీటర్ల అలలు, మోస్తరు గాలి, అంతకి మించి వద్దు. అంటే చెరువులు, చిన్న సరస్సులు, కాలవలు. ఎక్కడికైనా వెళ్ళే బండి అనుకున్నది నిజానికి చాలా కొద్ది చోట్లకే వెళ్తుంది, ఆ చోట్లన్నీ ఇంకెవరో బాగుచేసి పెట్టినవి. వద్దు అనే మనిషి అక్కడ కూడా ఉన్నాడు. కాకపోతే అతను ఒక కాగితం అయిపోయాడు. ఆ కాగితం ఎవరి కూతురువి అని చూడదు, ఎంత అల అని మాత్రమే చూస్తుంది. అమ్మ కోరుకునే వద్దు అదేనేమో.

అందుకే నాకు తోచింది ఇది. వంతెన వచ్చాక కొనుక్కున్న పడవ ఆట. వంతెనకి బదులు కొనుక్కున్న పడవ మాత్రం ఆట కాదు. అవే చక్రాలు, అదే మోటారు, అదే మడత కప్పు, అయినా రెంటి బరువూ వేరు. ఆ జంట సరస్సు దాటకపోయినా ఎవరికీ ఏమీ కాదు. చుట్టూ రోడ్డుంది, బస్సుంది. ఎవరి అవసరమూ వాళ్ళ సరదా కింద నలగడం లేదు. వాళ్ళు ఆడుకోవచ్చు. ఆడుకోవాలి కూడా. ఆదివారం పూట ఇద్దరు మనుషులు నీళ్ళ మీద పడుకుని ఆకాశం చూడటం కంటే ఈ లోకంలో నిరపాయమైన పని ఇంకేముంటుంది? మన దగ్గర అదే కోరిక వంతెన కంటే ముందు వచ్చేస్తోంది. వచ్చి, వంతెన గురించి అడిగే గొంతుని మెల్లగా తనతో తీసుకుపోతోంది.

వంతెన కట్టలేని చోట్లు కూడా ఉంటాయి. బంగ్లాదేశ్‌లో చలన్ బీల్ అని పెద్ద చిత్తడి ప్రాంతం ఉంది. వానాకాలంలో ఊళ్ళన్నీ దీవులైపోతాయి. అక్కడ 2002 నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ పడవల్లో బడి నడుపుతోంది. పడవ ఒక్కో రేవుకీ వెళ్ళి పిల్లల్ని ఎక్కించుకుంటుంది, తర్వాత ఒక ఒడ్డున ఆగి అక్కడే పాఠం. అది కూడా రెండు పనులు చేసే వస్తువే, బస్సు అదే, బడి అదే. ఆ పడవ రేవుల్ని దాటెయ్యదు, రేవు రేవునా ఆగుతుంది. అమ్మకి దాని గురించి చెప్తే ఎంతమంది పడతారు అని మళ్ళీ అడిగింది. ముప్పై మంది దాకా అన్నాను. "మరి!" అంది.

నేను ఏం చెయ్యాలి అన్నదానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. ఇన్వర్టర్ తీసి పారెయ్యను. హైదరాబాద్ వెళ్ళినప్పుడు మాత్రం కరెంటు పోతే, మా ఇంట్లో లైట్లు వెలుగుతున్నా సరే, ఫోన్ చేసి కంప్లయింట్ ఇస్తున్నాను. మా వీధి చివర ఇస్త్రీ బండి వాళ్ళ గుడిసెలో కూడా పోయింది కదా, వాళ్ళ ఫోన్‌కి ఎవరూ పలకరు. నాకూ చాలాసార్లు పలకరు. ఇది చాలా చిన్న పని. నాకు పడవ ఉందని రేవులో నిలబడటం మానెయ్యకూడదు అని గుర్తుంచుకోడానికి మాత్రం పనికొస్తోంది.

*

ఆరోజు సాయంత్రం ఆరింటికి ఆ జంట తిరిగొచ్చారు. దింపేటప్పుడు ఎంత తేలిగ్గా దిగిందో, ఎక్కేటప్పుడు అంత మొరాయించింది. పక్క గాలికి బండి ర్యాంపు మీదికి సరిగా రావడం లేదు. ఆయన కారులో ఉన్నాడు, ఆవిడ నీళ్ళలో. కొక్కెం అందడం లేదు. ఆవిడ మా వైపు చూసి ఏదో అంది. నా జర్మన్ అంతంత మాత్రం, కానీ తాడు పట్టుకోమని అడుగుతోందని తెలియడానికి భాష అక్కర్లేదు. నేనూ మా ఫ్రెండూ బూట్లు విప్పి దిగాం. నీళ్ళు చల్లగా ఉన్నాయి, కింద పాచి. ఇద్దరం తాడు పట్టుకుని లాగితే బండి తిన్నగా వచ్చింది. ఆవిడ కొక్కెం తగిలించింది. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. దారిలో మా ఫ్రెండు దాని ధర ఫోన్‌లో చూసి, ఇంకో ఐదేళ్ళు ఆగాలిరా అన్నాడు.

రాత్రి అమ్మకి ఇది చెప్పాను.

"ఆ ర్యాంపు ఎవరిది?" అంది.

"ఊరిది. ఎవరైనా దింపుకోవచ్చు."

"ఎవర్నీ అడగక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా. బోర్డు ఉంది, దాంట్లో రాసుంది అంతే."

"ఆడవాళ్ళైనా?"

"ఆవిడే కదా నీళ్ళలోకి దిగి కొక్కెం విప్పింది. వీడియోలో చూళ్ళేదా?"

"చూశాను," అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆ వీడియో ఫోన్‌లో కనపడటం లేదు, మళ్ళీ పంపు అంది.